ఐదోసారి అడిగిన కిటికీ

ఆ శుక్రవారం ఉదయం గొళ్ళెం పెట్టుకున్న పని ఒక్కటే. సరిగ్గా పదింటికి భార్యకు ఫోన్ చేసి "వచ్చెయ్" అనాలి. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది గానీ, ఆ ఒక్క మాట వారం రోజులుగా అతని గొంతులో పచ్చి వెలక్కాయలా అడ్డం పడి ఉంది. అందుకే ముందుజాగ్రత్తగా నాలుగు వాక్యాలు కళ్ళద్దాల పెట్టె తాలూకు అట్టముక్క వెనక రాసుకున్నాడు. అద్దం ముందు నిలబడి రెండుసార్లు చదువుకున్నాడు. రెండోసారి సిగ్గుతో ముఖం కందిపోయింది. ఫర్వాలేదు, ఫోన్లో ముఖం కనపడదు కదా అని ధైర్యం చెప్పుకుని అట్టముక్కను చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

గొళ్ళెం అతని అసలు పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగించే ఉద్యోగం. ఉద్యోగం పోగా మిగిలిన కాలమంతా ఒక ప్రశ్నోత్తరాల సైటుకు ధారపోశాడు. ఇంటి మరమ్మతుల గురించి అందులో ఎవరైనా ప్రశ్న అడగవచ్చు, తెలిసినవాళ్ళు ఎవరైనా జవాబు చెప్పవచ్చు. అడిగిందే మళ్ళీ అడిగినా, వివరాల్లేకుండా అడిగినా ఆ ప్రశ్నను మూసేయడం మోడరేటర్ల పని. జీతం ఉండదు, తిట్లు ఉంటాయి. తొమ్మిదేళ్ళలో ఇతను పదకొండు వేల ప్రశ్నలు మూశాడు. జనం కడుపుమండి గొళ్ళెం అని పేరు పెడితే, బిరుదు ఇచ్చారనుకుని సైటులో అదే పేరు తగిలించుకున్నాడు. ఒక్క సంగతి మాత్రం సైటులో ఎవరికీ తెలియదు. కళ్ళద్దాల మరలు తిప్పే సూదంత స్క్రూడ్రైవర్ తప్ప గొళ్ళెం జన్మలో ఇంకోటి పట్టలేదు. ఇంట్లో బల్బు మార్చాలన్నా భార్యే స్టూలెక్కేది.

ఆ భార్య పాఠ్యపుస్తకాలూ పరీక్ష పేపర్లూ అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫ్‌రీడర్. ఆర్నెల్ల క్రితం ఆమెను వేరే ఊళ్ళో ఉన్న పెద్దాఫీసుకు పంపారు. ఆర్నెల్లే అన్నారు. గడువు అయ్యేసరికి, ఇక్కడే ఉండిపోతారో వెనక్కి వెళ్ళిపోతారో శుక్రవారం సాయంత్రం ఐదింటిలోపల రాసివ్వమన్నారు. ఆ సంగతి ఆమె పోయినవారం ఫోన్లో చెప్పి కాసేపు ఊరుకుంది. గొళ్ళెం "ఊఁ, సరే. చూడు మరి" అన్నాడు. ఆమె ఊరుకున్న ఆ కాసేపూ తన మాట కోసమేనని ఫోన్ పెట్టేసిన అరగంటకు గానీ అతనికి వెలగలేదు.

వెళ్ళేముందు కూడా ఇదే వరస. "వెళ్ళనా?" అని అడిగింది. "నీ ఇష్టం" అన్నాడు. రెండ్రోజులాగి కూరలు తరుగుతూ "వెళ్ళమంటారా?" అంది. "మొన్నే చెప్పాను కదా" అన్నాడు. పెట్టె సర్దుతూ మూడోసారి అడిగింది. "ఎన్నిసార్లు అడుగుతావు అదే ప్రశ్న!" అన్నాడు. ఆమె ఇంకేమీ అడగకుండా పెట్టె మూత వేసింది.

అప్పటినుంచి ఇల్లు అతనికి వదులైన చొక్కాలా ఉంది. ఆమె పొద్దున్నే పేపరు చదువుతూ అచ్చుతప్పుల కింద ఎర్ర పెన్సిల్‌తో గీతలు గీసేది. "చూశారా, మంత్రిగారికి ఒక కొమ్ము ఎక్కువ పెట్టారు" అని నవ్వేది. ఇప్పుడు పేపరు తప్పులతో వచ్చి తప్పులతోనే అటకెక్కుతోంది. ఆమె మీద బెంగ పెట్టుకున్నానని గొళ్ళెం ఎవరికీ చెప్పలేదు. నలభై ఎనిమిదేళ్ళ మగవాడు బెంగ పెట్టుకోవడమేమిటని నామోషీ. రోజూ ఫోన్లో "తిన్నావా?" "తిన్నాను" "మీరు?" "ఆఁ". అంతటితో సరి.

ఇక ఆ ఉదయం సంగతి. ఇంటికి తాళం వేస్తూ అలవాటుగా సైటు తెరిచాడు. అలవాటు ఎంతటివాడినైనా ముంచుతుంది. "మేడగది" అనే కొత్త మనిషి ఎనిమిదీ నలభైకి మళ్ళీ ప్రశ్న పెట్టింది. "కిటికీ రెక్క కొట్టుకుంటోంది, ఏం చేయాలి?" సోమవారం ఇదే ప్రశ్న అడిగితే వివరాలు చాలవని గొళ్ళెం మూశాడు. అలా మూసినప్పుడు మళ్ళీ కొత్తగా అడగకూడదు. పాత ప్రశ్నలోనే వివరాలు చేర్చాలి, అయిదుగురు ఓటేస్తే అది తెరుచుకుంటుంది. ఆ సంగతి కొత్తవాళ్ళకు తెలిసి చస్తే కదా! మేడగది మంగళవారం మళ్ళీ అడిగింది. గొళ్ళెం దాన్ని మూసి సోమవారం ప్రశ్నకు ముడిపెట్టాడు. బుధవారం ప్రశ్నను మంగళవారానికి, గురువారం ప్రశ్నను బుధవారానికి ముడిపెట్టాడు. ఇది ఐదోసారి.

"ఏం మనిషమ్మా! జిడ్డులా పట్టుకుందే" అని బస్సెక్కాడు.

బస్సులో ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో ఫోను. ముందుగా శుక్రవారం ప్రశ్నను గురువారానికి ముడిపెట్టి మూశాడు. అంతటితో ఆగితే ఈ కథే లేదు. ఈసారి ప్రశ్న కాస్త పొడుగ్గా ఉంది, వివరాలున్నట్టున్నాయి, కాబట్టి సోమవారం నాటి బోడి ప్రశ్నను దీనికి ముడిపెడితే పద్ధతిగా ఉంటుందనిపించింది. పొడుగ్గా ఉందని చూశాడే తప్ప చదవలేదు. మొదటి వాక్యం దాటి చదివే తీరికుంటే పదకొండు వేలు ఎప్పటికి మూసేట్టు? బస్సు బ్రేకు వేసిన కుదుపులో బటన్ నొక్కేశాడు. మంచి పని చేశానన్న తృప్తితో దిగాడు.

షాపులో చొక్కా చేతులు మడిచి మిషన్ ముందు కూర్చునేసరికి ఫోను గుయ్యిమంటోంది. సైటులో ఇంకో మోడరేటర్ ఉన్నాడు, మేస్త్రీ అంటారు. నలభై ఏళ్ళు వడ్రంగం చేసి మానేసిన పెద్దాయన. రూలంటే రూలే.

"గొళ్ళెంగారూ, ఏమిటండీ ఈ పని?" అని రాశాడు మేస్త్రీ. "శుక్రవారం ప్రశ్న నొక్కితే గురువారానికి పొమ్మంటోంది. గురువారం బుధవారానికి, బుధవారం మంగళవారానికి, మంగళవారం సోమవారానికి. సోమవారం నొక్కితే మళ్ళీ శుక్రవారం! జనాన్ని గానుగెద్దుల్లా తిప్పుతున్నారేంటి?"

అప్పటికే జనం తిరుగుతున్నారు. ఒకాయన మూడు చుట్లు తిరిగానని రాశాడు. ఒకావిడ, తనకు కిటికీ గొడవేమీ లేదు గానీ ఎక్కడ తేలుతుందో చూద్దామని ఏడో చుట్టులో ఉన్నానంది. "మూసిన ప్రశ్న మళ్ళీ అడిగితే ఏం చేయాలి?" అని ఎవరో చర్చ మొదలుపెట్టారు. ఆ చర్చ గత ఏడాదే జరిగిందని ఇంకెవరో దాన్ని మూశారు. మూసిన చర్చను ఇంకొకరు మళ్ళీ పెట్టారు.

"ఆగండాగండి, చిటికెలో సర్దేస్తా" అని రాశాడు గొళ్ళెం. చిటికెలో అతనికి తోచిన ఉపాయం ఇది: అన్ని వివరాలతో తనే శుభ్రమైన ప్రశ్న ఒకటి పెట్టి, ఐదింటినీ దానికి ముడిపెట్టాలి. పెట్టాడు. మేస్త్రీ దాన్ని చూశాడు. కిటికీ రెక్క, టకటక. ఎవరు పెట్టారో చూడకుండా, ఆరోసారి వచ్చిన ప్రశ్నని టక్కున మూశాడు. ఒకే ప్రశ్న ఆరోసారి ఎవరు పెడితే వాళ్ళ నోరు సైటు తనంతట తానే గంటసేపు కట్టేస్తుంది. ఆ రూలు పోయిన ఏడాది పట్టుబట్టి పెట్టించింది గొళ్ళెమే.

"మీరు గంటసేపు ఏమీ రాయలేరు" అని తెర మీద పడింది.

గొళ్ళెం గడియారం చూశాడు. పదీ ఇరవై. పదింటి ఫోను సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ప్రెస్సులో పరీక్ష పేపర్లుంటాయి కాబట్టి లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. పదింటికి పది నిమిషాల టీ విరామం, ఒంటిగంటకు భోజనం, అప్పుడే గేటు దగ్గర ఫోను చేతికిస్తారు. పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. కంగారుగా లేవబోయి జేబులోని అట్టముక్కను మిషన్ నీళ్ళలో పడేసుకున్నాడు. తీసేసరికి నాలుగు వాక్యాలూ నీలంగా కలిసిపోయి చేతికి అంటుకున్నాయి.

"ఏమైందయ్యా, ముఖమంతా అలా పాలిపోయింది?" అంది షాపు ఓనరమ్మ. నెత్తిన కళ్ళద్దాలు పెట్టుకుని కళ్ళద్దాలు వెతుక్కునే మనిషి.

"ఏం లేదు మేడం."

"ఏం లేకపోతే లాయరుగారి అద్దాలు పూర్తిచెయ్. పదకొండింటికి వస్తానన్నారు."

పూర్తిచేశాడు. కుడి అద్దం ఎడమకు, ఎడమ అద్దం కుడికి బిగించి ఇచ్చాడు. లాయరుగారు పెట్టుకుని గడప దిగబోయి, లేని మెట్టు మీద కాలుపెట్టి కౌంటర్ పట్టుకున్నారు. "నా ఎడమ కన్నే కాస్త మసక బాబూ, మొన్ననే చెప్పాను కదా!" అని వాపోయారు. ఓనరమ్మ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, గొళ్ళెం వైపు ఒక చూపు చూసింది. అతను అద్దాలు ఊడదీసి మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు.

నోరు కట్టేస్తే మనిషికి చదవడం తప్ప ఇంకేం మిగలదు. అద్దాలు మళ్ళీ బిగించి ఇచ్చాక గొళ్ళెం ఫోను తీసి, ఇంత రాద్ధాంతానికి కారణమైన శుక్రవారం ప్రశ్నను మొదటినుంచి చివరిదాకా చదివాడు. తొమ్మిదేళ్ళలో అతను ఒక ప్రశ్నను పూర్తిగా చదవడం బహుశా అదే మొదలు.

"మేడమీద గదిలో కిటికీ రెక్క గాలొస్తే చాలు, టకటకా కొట్టుకుంటుంది. గడియ పెట్టినా ఆగదు. కాగితాన్ని ఎనిమిది మడతలు పెట్టి, ఎర్ర దారం చుట్టి సందులో దోపితే నాలుగు రోజులు ఊరుకుని మళ్ళీ మొదలుపెడుతుంది. ఆ గదిలో ఒంటరిగా ఉండే మనిషికి ఆ చప్పుడుకి కంటిమీద కునుకుండదు. ఎప్పుడడిగినా 'ముందే అడిగారు కదా' అనేవాళ్ళే గానీ, ఏం చేయాలో చెప్పే దిక్కులేదు. మనిషి గోడు వినేవాళ్ళే లేరా?"

ఎనిమిది మడతల దగ్గర గొళ్ళెం చదవడం ఆపాడు. ఎర్ర దారం దగ్గర మళ్ళీ మొదటికెళ్ళి చదివాడు. వాళ్ళింట్లో పడకగది కిటికీ సందులో ఈ క్షణాన కూడా అలాంటి మడతే ఉంది. పనికిరాని ప్రూఫు కాగితం, సరిగ్గా ఎనిమిది మడతలు, కట్టలకు కట్టే ఎర్ర దారం. ఇంకెవరు చేస్తారు అలా? ప్రశ్నలు పడిన వేళ చూశాడు. అయిదు రోజులూ ఎనిమిదీ నలభై. ఆమె ప్రెస్సుకు బయల్దేరే వేళ. "ఒంటరిగా ఉండే మనిషి." "ముందే అడిగారు కదా అనేవాళ్ళే."

ఆవిడే. రోజూ ఫోన్లో తిన్నాను అని చెప్పి, అసలు గోడు ఇక్కడ చెప్పుకుంటోంది. తను అయిదుసార్లు ఆమె నోరు మూశాడు. ఇంట్లో మూడు, ఇక్కడ అయిదు, వెరసి ఎనిమిది. గొళ్ళేనికి తనమీద తనకే అసహ్యం వేసింది. ఆమె వెళ్ళిన రోజు కూడా ఇంత దుఃఖం రాలేదు.

గంట గడిచి నోరు తెరుచుకోగానే మేస్త్రీకి రాశాడు. "శుక్రవారం ప్రశ్న తెరవాలండీ. వెంటనే."

"మీరే మూసి మీరే తెరవమంటారా? అయిదు ఓట్లు కావాలి. కారణం?"

"కారణం చెప్పలేను."

"అయితే నేను ఓటు వేయలేను."

మూసిన ప్రశ్న కింద జవాబు రాయడానికి మోడరేటర్‌కు కూడా వీల్లేదు. గొళ్ళెం తనకు తెలిసిన ఇరవైమందిని బతిమాలాడు. తొమ్మిదేళ్ళుగా తమ ప్రశ్నలు మూయించుకున్నవాళ్ళు వాళ్ళందరూ. "రూలంటే రూలు కదండీ" అని అతని మాటే అతనికి అప్పజెప్పారు. పన్నెండున్నర దాటింది. తన ఓటు తప్ప రెండో ఓటు పడలేదు. చివరికి సిగ్గు విడిచి అందరికీ కనపడేచోట రాసేశాడు.

"ఆ ప్రశ్న అడిగింది నా భార్య. ఆర్నెల్లుగా దూరంగా ఉంటోంది. సాయంత్రం అయిదింటిలోపల జవాబు చెప్పకపోతే ఇక రాదు. ఓటెయ్యండి బాబూ, మీ కాళ్ళు పట్టుకుంటా."

ఆ తర్వాత ఓట్లు వానలా పడ్డాయి. "వదినగారి కోసం" అని ఒకరు, "నా కుళాయి ప్రశ్న మూశావు, అయినా సరే" అని ఒకరు. చుట్లు తిరుగుతున్న ఆవిడ కూడా ఆగి ఓటేసింది. మేస్త్రీ చాలాసేపు ఆలోచించి, "కారణం ముందే చెప్పి ఉండాల్సింది. వడ్రంగికైనా ఇల్లాలుంటుంది" అని రాసి తెరిచాడు.

సరిగ్గా ఒంటిగంటకు గొళ్ళెం ముందు ఫోన్ చేశాడు. బిజీ. మళ్ళీ చేశాడు, బిజీ. మూడోసారీ అదే. కావాలనే ఎత్తడం లేదనుకున్నాడు. అట్టముక్క లేదు, రాసుకున్న వాక్యాలు గుర్తు లేవు. అద్దాలు అరగదీసే బల్ల మీద మోచేతులానించి, తెరుచుకున్న ప్రశ్న కింద మనసులో ఉన్నది ఉన్నట్టు రాశాడు.

"నువ్వేనని ఇప్పుడే తెలిసింది. కిటికీ సంగతి నాకు తెలియదు. నువ్వు లేకపోతే ఎలా ఉంటుందో అదొక్కటే తెలుసు. పొద్దున్నే రెండు కప్పుల టీ పెట్టి ఒక కప్పు పారబోస్తున్నాను, ఆర్నెల్లయినా చేతికి అలవాటు తప్పలేదు. ఎవరైనా నవ్వితే నువ్వేమోనని తిరిగి చూస్తున్నాను. వెళ్ళనా అని మూడుసార్లు అడిగావు. మూడుసార్లూ వద్దనే అనాలనిపించింది. అనడానికి నామోషీ అడ్డొచ్చింది. నీకు జవాబు తెలియక కాదు, నా నోట వినాలని అడిగావని ఇప్పటికి అర్థమైంది. ఆ ఇల్లు వదిలెయ్. నా దగ్గరికి వచ్చెయ్. నీకు నిద్ర పట్టేదాకా ఆ కిటికీ రెక్క నా చేత్తో పట్టుకుని కూర్చుంటాను."

పది నిమిషాల్లో నూటపాతిక ఓట్లు వచ్చాయి. "ఇది ప్రశ్నకు జవాబు కాదు గానీ, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి" అని రాశారు ఎవరో. గొళ్ళెం ఊపిరి బిగబట్టి తెరవైపే చూస్తున్నాడు. ఒంటిగంటా ఇరవైకి మేడగది దాని కింద బదులు రాసింది.

"ఎవడ్రా నువ్వు? నాకు డెబ్భై ఒకటో ఏడు నడుస్తోంది. మా వారు పోయి పదకొండేళ్ళయింది. ఇన్నేళ్ళూ ఒకరిచేత మాట పడకుండా బతికాను. కిటికీకి ఉపాయం అడిగితే ఇల్లు వదిలి నీ దగ్గరికి రమ్మంటావా? నాకు నిద్ర పట్టేదాకా నా కిటికీ పట్టుకుని కూర్చుంటావా? చీపురు తిరగేస్తా, జాగ్రత్త. పైగా రోజూ కప్పు టీ పారబోస్తాడట. దుబారా మనిషీ!"

మేస్త్రీ వెంటనే, "గొళ్ళెంగారూ, మీ ఆవిడ వయసు డెబ్భై ఒకటా?" అని మర్యాదగా అడిగాడు. గొళ్ళేనికి అంతమంది ముందు బట్టలిప్పి నిలబడ్డట్టయింది. నవ్వులపాలైనందుకు కూడా అంత బాధ లేదు. ఆమె అడగనే లేదు, తన కోసం ఆమె ఏ గోడూ చెప్పుకోలేదు అన్నదే గుండెల్లో కలుక్కుమంది. టైము ఒకటీ ఇరవై ఐదు. అప్పుడు ఫోను మోగింది.

"ఏమండీ" అంది భార్య.

"ఆఁ."

"గొళ్ళెం మీరేనా?"

గొళ్ళెం మెల్లగా లేచి, షాపులో కళ్ళు పరీక్ష చేసే కుర్చీలో కూలబడ్డాడు. "నీకెలా తెలుసు?"

"టీ పారబోయడం చూస్తే తెలీదా? నేను అద్దెకుంటున్న ఇంటావిడ, పిన్నిగారు, ఒంటిగంటనుంచీ ఒకటే ఫోను, 'తొందరగా రా, ఎవడో నన్ను తన పెళ్ళామంటున్నాడు' అని. భోజనానికొచ్చి చూద్దును కదా, ఆవిడ చీపురు పట్టుకుని ఫోన్ ముందు కూర్చుంది. 'నువ్వు చదువుకున్నదానివి, వీడికి నాలుగు పెట్టి ఇంకో జవాబు రాయి' అని ఫోన్ నా చేతికిచ్చింది. చదివాను."

"అయితే ఆ కిటికీ..."

"నా గదిదే. నేనే చెప్పానండీ పిన్నిగారికి. మావారు ఆ సైటులో పెద్ద మోడరేటరు, అడగండి, గంటలో జవాబొస్తుంది అని గొప్పలు పోయాను. రోజూ నేను బయల్దేరేముందు కూర్చుని రాసేది. సాయంత్రం రాగానే 'మూసేశాడమ్మా' అనేది. మా ఆయన చూసి ఉండరులెండి, మళ్ళీ పెట్టండి అనేదాన్ని. అయిదురోజులు మీ పరువు కాపాడాను, మూసేది మీరేనని తెలీక."

గొళ్ళేనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "పోనీలే. ఇంకా టైముంది కదా. సాయంత్రం కాగితంలో..."

"ఇచ్చేశానండీ. సోమవారమే."

"ఏమని?"

"ఉండిపోతానని."

ఎదురుగా గోడమీద అక్షరాల పట్టిక ఉంది. పై వరసలో అరచేయంత అక్షరం. గొళ్ళేనికి అది కూడా అలుక్కుపోయింది. ఓనరమ్మ, అద్దాలు చేతికొచ్చినా కబుర్లలో పడి ఇంకా కదలని లాయరుగారు మాట్లాడుకోవడం మానేసి ఇటే చూస్తున్నారు.

"ఎందుకు?" అన్నాడు.

"ఊఁ, సరే, చూడు మరి అన్నారు కదా. ఇంకేం అనుకోను? ఇచ్చాక కూడా, మీరు ఒక్కసారి అడుగుతారేమోనని వారమంతా చూశాను. నేనే ఎన్నిసార్లు అడగనండీ? నాకూ అభిమానం ఉండదా?"

"మార్చుకోవచ్చా ఇప్పుడు?"

"అయిదింటిదాకా మార్చుకోవచ్చు. అడిగేవాళ్ళుంటే."

తొమ్మిదేళ్ళలో పదకొండు వేల ప్రశ్నలు మూసిన మనిషి తను ఒక్క ప్రశ్న అడగడానికి నోరు తెరిచాడు. రెండుసార్లు తెరిచి మూసి, మూడోసారికి అన్నాడు. "వస్తావా?"

అవతల పిన్నిగారి చీపురు కిందపడ్డ చప్పుడైంది.

"వస్తావా?" అన్నాడు మళ్ళీ, కాస్త గట్టిగా.

"వినపడుతోందండీ. ఇంకోసారి అడగండి."

"వస్తావా?"

"వస్తాను" అంది. "ఇప్పుడే వెళ్ళి ఆ కాగితం వెనక్కి తీసుకుంటాను. ఈ ఒక్క మాటకి ఆర్నెల్లు పట్టింది మీకు."

లాయరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అద్దాలు మళ్ళీ తేడాగా ఉన్నాయేమోనని ఓనరమ్మ కంగారుపడింది. ఈలోగా ఫోన్లో గలాటా అయి, ఇంకో గొంతు వచ్చింది.

"ఏమయ్యా గొళ్ళెం! నువ్వు మా అమ్మాయి మొగుడివట కదా. తిట్టానని ఏమీ అనుకోకు, ఎవడో అనుకున్నా. అయినా అంత బాగా రాసేవాడివి ఆ ముక్క ఏదో పిల్లతోనే అనొచ్చుగా, ఊరంతటికీ చెప్పడమెందుకు? సరే, పంపిస్తాలే. మరి నా కిటికీ సంగతేంటి? ఆ గదిలోకి రేపు ఇంకొకరిని ఎలా దించేది?"

సంతోషంలో మనిషికి ఒళ్ళు తెలియదు. "మీరు నిశ్చింతగా ఉండండి పిన్నిగారూ. రేపు నేనే వచ్చి బాగుచేసి, తనని తీసుకెళ్తాను" అన్నాడు గొళ్ళెం.

శనివారం పొద్దున్న ఆ ఊరి బస్సులో కిటికీ పక్క సీట్లో కూర్చున్నాడు. ఒళ్ళో కొత్త స్క్రూడ్రైవర్, దానికింకా ధర చీటీ కూడా ఊడలేదు. నాలుగు గంటల ప్రయాణంలో మూడు గంటలు ఆమె ముఖాన్ని తలుచుకోవడానికే సరిపోయాయి. బస్సు దిగగానే ఏమనాలో కూడా ఈసారి రాసుకోలేదు. ఊరు దగ్గరపడుతుంటే మాత్రం ఒళ్ళోని వస్తువు మీదికి దృష్టి పోయింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏ చివర పట్టుకోవాలో తెలుసు, అంతకుమించి తెలియదు. చుట్టూ ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, సైటు తెరిచి ప్రశ్న పెట్టాడు.

"కిటికీ రెక్క గాలికి టకటకా కొట్టుకుంటోంది. ఏం చేయాలి? చాలా అర్జెంటు."

నాలుగు నిమిషాల్లో మేస్త్రీ దాన్ని మూసేసి, శుక్రవారం ప్రశ్న కింద జవాబుంది, చూసుకోమని రాశాడు. గొళ్ళెం ఆత్రంగా వెళ్ళి చూశాడు. అప్పటికి ఆరువందల ఓట్లు పడిన జవాబు ఒకే ఒక్కటి ఉంది, అది రాసింది తనే. అందులో కిటికీకి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు.